ఆర్ట్ డెకో కాలం నాటి బీరు ట్యాప్ నాబ్‌లు: పదేపదే వచ్చే డౌట్లు, నాకు తెలిసిన జవాబులు

నేను ఉండేది న్యూజెర్సీలో. మా హాల్లో షెల్ఫ్ మీద వరసగా పెట్టిన నల్లటి బంతుల్ని చూసి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు కారు గేర్ నాబ్‌లు అనుకుంటారు, బీరు ట్యాప్‌వి అని చెప్పగానే ఇంక ప్రశ్నలే ప్రశ్నలు. వాట్సాప్‌లో కూడా ఎవరో ఒకరు ఫోటో పంపి "ఇది కొనొచ్చా" అని అడుగుతూనే ఉంటారు. అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నీ ఒకచోట రాశాను. దేనికది విడిగా ఉంటుంది, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## అసలు ఇవేంటి

ఇవి ఏంటండీ, గేర్ నాబ్‌ల్లా ఉన్నాయి?

బార్‌లో పీపా నుంచి బీరు పట్టే కుళాయికి పైన బిగించే పిడి ఇది. అమెరికాలో కలెక్టర్లు దీన్ని బాల్ నాబ్ అంటారు. దాదాపు రెండంగుళాల బంతి, ముందు వైపు కోసేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ బీరు పేరున్న గుండ్రటి బిళ్ళ కూర్చోబెట్టి చుట్టూ క్రోమ్ రింగు బిగిస్తారు. ఆ బిళ్ళని ఇన్సర్ట్ అంటారు. కింద ఇత్తడి మర ఉంటుంది, కుళాయి మీద పెట్టి తిప్పి బిగించడమే. బంతులు చాలావరకు నల్లవే, ఎరుపు, గోధుమ, వెన్న రంగువి కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. కొన్నిటికి రెండు వైపులా ఇన్సర్ట్ ఉంటుంది, ఒకటి తాగేవాళ్ల వైపు, ఒకటి పోసేవాళ్ల వైపు.

అన్నీ 1933 తర్వాతవే అంటారు, అంతకు ముందు బీరు లేదా?

ఉంది, కానీ పిడి మీద పేరు రాయాల్సిన అవసరం పెద్దగా లేదు. అప్పట్లో చాలా సెలూన్లు, అంటే ఆ కాలం బార్లు, ఏదో ఒక బ్రూవరీ (బీరు తయారుచేసే కంపెనీ) చేతిలో ఉండేవి, దాని బీరే అమ్మేవి, కాబట్టి పిడి మామూలు చెక్కదో పింగాణీదో అయినా సరిపోయేది. 1920 జనవరి నుంచి దేశమంతా మద్యనిషేధం. 1933 ఏప్రిల్ 7న 3.2 శాతం ఆల్కహాల్ ఉండే బీరుకి పర్మిషన్ ఇచ్చారు, అదే ఏడాది డిసెంబర్ 5న నిషేధం పూర్తిగా ఎత్తేశారు. ఈసారి బ్రూవరీలు బార్లని చేతిలో పెట్టుకోకూడదని రూల్స్ వచ్చాయి, దాంతో ఒకే కౌంటర్ మీద మూడు నాలుగు కంపెనీల కుళాయిలు వచ్చేశాయి. పీపాలేమో కింద సెల్లార్‌లో, తాగేవాడికి కనపడవు. చవక బీరు పోసి ఖరీదైన బీరు రేటు తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఏ కుళాయిలో ఏ బీరో కనపడేలా పేరు ఉండాలని చాలా రాష్ట్రాల్లో చట్టాలు పెట్టారు. అలా పుట్టిందే ఈ బాల్ నాబ్. 1950లు వచ్చేసరికి పొడవాటి ప్లాస్టిక్ పిడులు దూరం నుంచే కనపడుతున్నాయని వాటికి మారిపోయారు, బంతి మూలన పడింది. అంటే ఇరవై ఏళ్ల ముచ్చట, అంతే.

బీరు పిడికి ఆర్ట్ డెకో ఏంటి, అది బిల్డింగులకి కదా?

బిల్డింగులకే అనుకుంటాం గానీ ఆ రోజుల్లో రేడియో, టోస్టర్, గడియారం, సెంటు సీసా అన్నీ ఆ స్టైల్లోనే చేశారు. 1925లో ప్యారిస్‌లో జరిగిన అలంకార కళల ఎగ్జిబిషన్‌తో ఊపందుకున్న స్టైల్ అది. ముంబై వెళ్లినవాళ్లు మెరైన్ డ్రైవ్ వెంబడి గుండ్రటి మూలల బాల్కనీల బిల్డింగులు చూసే ఉంటారు, అదే ఇది, వాటికి 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నాబ్‌లో ఏం చూడాలంటే, మెట్లు మెట్లుగా దిగే క్రోమ్ మెడ, పక్కపక్కనే పరిగెత్తే మూడు గీతలు, సూర్యకిరణాల్లా విచ్చుకున్న డిజైన్, తోకల్లేని సన్నటి నిటారు అక్షరాలు, నలుపు-ఎరుపు-వెండి లాంటి గట్టి రంగులు. ప్రతి బాల్ నాబ్ డెకో కాదు. కొన్నిటి మీద పాత జర్మన్ గోతిక్ అక్షరాలే ఉంటాయి, అవీ బాగుంటాయి కానీ వేరే లెక్క. నాకు బాగా నచ్చేది బంతి, రింగు, అక్షరాలు మూడూ ఒకే మాట చెప్తున్నట్టు కుదిరినవి.

నేను మందు ముట్టను, ఇంట్లో అమ్మానాన్న ఉంటారు. ఇది షెల్ఫ్‌లో పెడితే బాగుంటుందా?

నేనూ తాగను. మా అత్తయ్య మొదటిసారి చూసి "ఇవెందుకమ్మా ఇంట్లో" అన్నారు. ఒకటి తీసి చేతిలో పెట్టి, ఈ రంగు మన మీనాకారీ నగలకి వేసే పద్ధతిలోనే వేస్తారు అత్తయ్యా అని చూపించాక ఆవిడే వచ్చినవాళ్లకి చూపించడం మొదలెట్టారు. ఇవి ఒక కాలం నాటి పనితనం. నాకు వీటిలో నచ్చేది ఒక్కటే, పైన ఏ పేరుంటే కింద అదే వస్తుంది అని కొనేవాడికి ఇచ్చిన మాట ఇది, ఆ మాటని అంత అందంగా చేయించారు.

## కొనే ముందు తెలుసుకోవాల్సినవి

బేకలైటా, మామూలు ప్లాస్టికా, ఎలా చెప్పాలి?

బేకలైట్ మీకు తెలిసిందే, పేరు తెలియకపోవచ్చు అంతే. అమ్మమ్మ వాళ్లింట్లో గోడకి చెక్క పలక మీద గుండ్రటి నల్ల స్విచ్చులు ఉండేవి చూడండి, టప్పుమని కిందికి పడేవి, అవి. పాత నల్ల టెలిఫోన్ కూడా అదే. లియో బేక్‌లాండ్ అనే ఆయన 1907లో న్యూయార్క్ పక్కన యోంకర్స్‌లో కనిపెట్టాడు. పట్టుకుంటే మామూలు ప్లాస్టిక్ కన్నా బరువుగా, చల్లగా ఉంటుంది, రెండు ముక్కలు తగిలితే టక్ టక్ మని గట్టిగా మోగుతుంది. బొటనవేలితో వెనకవైపు వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడండి, ఆసుపత్రి ఫినాయిల్ లాంటి ఘాటు వస్తే బేకలైట్. ఇంకోటి, మెటల్ పాలిష్ సిమిక్రోమ్ తెల్ల గుడ్డ మీద కొంచెం వేసి కనపడని చోట రుద్దితే గుడ్డ పసుపు పచ్చగా అవుతుంది, కానీ బాగా నల్లటివాటికీ పైన కోటింగ్ ఉన్నవాటికీ ఒక్కోసారి రాదు, రాలేదని వదిలేయకండి. ఎర్రగా కాల్చిన సూదితో గుచ్చి చూసే టెస్ట్ మాత్రం వద్దే వద్దు, ఎందుకంటే అదొకవేళ సెల్యులాయిడ్ అనే పాత రకం ప్లాస్టిక్ అయితే భగ్గున అంటుకుంటుంది.

ఇన్సర్ట్‌ల్లో రకాలు ఏంటి, అంత తేడా ఎందుకు?

నాబ్‌కి ప్రాణం ఇన్సర్టే, బంతి బంతే. ఒకే అచ్చులో పోసిన బంతులు ఎన్నో బ్రూవరీలకి వెళ్లాయి, ఏ నాబ్ ఏదో చెప్పేది ఆ రెండంగుళాల లోపు బిళ్ళే.

అన్నిటికన్నా గొప్పది ఎనామెల్. రాగి లేదా ఇత్తడి బిళ్ళ మీద నాణెం కొట్టినట్టు అచ్చు కొడతారు, అక్షరాల చుట్టూ గుంటలు పడతాయి, ఆ గుంటల్లో రంగు గాజు పొడి నింపి సుమారు 800 డిగ్రీల వేడిలో పెడితే గాజు కరిగి అతుక్కుపోతుంది. జైపూర్ మీనాకారీ పని చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తొంభై ఏళ్లయినా ఆ ఎరుపు నిన్న వేసినట్టే ఉంటుంది. లైటు కింద కొంచెం వంచి చూడండి, రంగు లోపల నీళ్లున్నట్టు లోతు కనిపిస్తుంది, అక్షరాల లోహపు అంచు గోటికి సన్నగా తగులుతుంది.

తర్వాత సెల్యులాయిడ్, అంటే ప్రింట్ చేసిన కాగితం మీద పల్చటి పారదర్శక పొర, ఎలక్షన్ బ్యాడ్జీల్లా. డిజైన్లు భలే ఉంటాయి కానీ తడి తగిలితే మచ్చ పడుతుంది. రేకు మీద ప్రింట్ చేసినవి, ప్లాస్టిక్‌లో పోసినవి కూడా ఉన్నాయి, ఇవి చవక. బిళ్ళ అంచున లేదా వెనక చిన్న అక్షరాల్లో చేసినవాళ్ల పేరు ఉండొచ్చు, ఆటిల్‌బరో ఊరి రాబిన్స్, రోచెస్టర్ బాస్టియన్ బ్రదర్స్ లాంటి బ్యాడ్జీలు, బటన్లు చేసే కంపెనీలు. బీరు కంపెనీలు వీళ్లకే ఆర్డర్ ఇచ్చేవి.

ఏ సంవత్సరానిదో ఎలా కనిపెట్టాలి?

పక్కాగా ఏడాది చెప్పడం కష్టం, కానీ దగ్గరికి రావచ్చు. బ్రూవరీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉందో ముందు చూడండి. న్యూవార్క్‌లో ఫైగెన్‌స్పాన్ అని బ్రూవరీ ఉండేది, వాళ్ల బీరు పేరు పి.ఓ.ఎన్., ప్రైడ్ ఆఫ్ న్యూవార్క్ అని. దాన్ని 1943లో బాలంటైన్ అనే ఇంకో బ్రూవరీ కొనేసింది. కాబట్టి ఫైగెన్‌స్పాన్ కంపెనీ పేరుతో ఉన్న బాల్ నాబ్ అంటే ఆ పదేళ్ల లోపుదే అనుకోవచ్చు. ఇంకో గుర్తు, వృత్తంలో ఆర్ అక్షరం. ఆ ట్రేడ్‌మార్క్ గుర్తు 1946 చట్టంతో వాడుకలోకి వచ్చింది, అంతకు ముందు "రెజ్. యు.ఎస్. ప్యాట్. ఆఫ్." అని పొడుగ్గా రాసేవాళ్లు. అమ్మేవాళ్లు 1930లది అంటున్నా ఆ చిన్న వృత్తం కనపడితే మాత్రం నమ్మొద్దు.

కొత్తగా మొదలెడుతున్నా, ఏ బ్రాండ్‌తో మొదలెట్టాలి?

మీరుండే ఊరి బ్రూవరీతో. ఎందుకంటే మీ చుట్టుపక్కలే ఎక్కువ దొరుకుతాయి, పది చూస్తే కన్ను తయారవుతుంది. మాకు న్యూవార్క్ దగ్గర కాబట్టి నేను బాలంటైన్, క్రూగర్, ఫైగెన్‌స్పాన్ పట్టుకున్నా. బాలంటైన్ మూడు రింగులు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నట్టు ఉంటాయి, ప్యూరిటీ, బాడీ, ఫ్లేవర్ అని ఒక్కో రింగుకి ఒక పేరు. క్రూగర్ వాళ్లది ఇంకా ముద్దుగా ఉంటుంది, కె అక్షరమే ట్రే పట్టుకుని నడిచే సర్వర్ అయిపోతుంది. 1935 జనవరిలో ప్రపంచంలో మొదటిసారి డబ్బాలో బీరు అమ్మింది కూడా ఈ క్రూగర్ వాళ్లే, వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో. మిల్వాకీ వైపు ఉంటే పాబ్స్ట్, ష్లిట్జ్, బ్లాట్జ్, సిన్సినాటి వైపు హూడెపోల్, న్యూయార్క్ అయితే రైన్‌గోల్డ్, షేఫర్, రుపర్ట్. ఒకేసారి అన్ని ఊళ్లవీ వెనకేసుకోకండి, డబ్బులూ పోతాయి, ఏదీ సరిగ్గా తెలియదు.

## కొనేటప్పుడు

ఎక్కడ దొరుకుతాయి?

ఫ్లీ మార్కెట్లు (పాత సామాన్ల సంతలు), యాంటిక్ మాల్స్, ఎస్టేట్ సేల్స్ (ఒక ఇంటి సామానంతా అమ్మేసేవి), ఈబే. మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో మే, జూలై, సెప్టెంబర్ నెలల్లో పెద్ద యాంటిక్ సంత జరుగుతుంది, పొద్దున్నే టార్చ్ లైట్ పట్టుకుని తిరిగేవాళ్లు ఉంటారక్కడ. మాకు దగ్గర్లో లాంబర్ట్‌విల్ ఫ్లీ మార్కెట్ ఉంది. కానీ మంచి సరుకు మంచి రేటుకి దొరికేది కలెక్టర్ల మీట్లలోనే, బ్రూవరీ కలెక్టిబుల్స్ క్లబ్ ఆఫ్ అమెరికా, ఈస్టర్న్ కోస్ట్ బ్రూవరియానా అసోసియేషన్ లాంటివాళ్లు పెడుతుంటారు. అక్కడ పెద్దాయనలు టేబుల్ వేసుకుని కూర్చుంటారు, కొనకపోయినా పర్లేదు, చేతిలోకి తీసుకుని చూడమంటారు, గంట కూర్చుంటే నెలరోజుల చదువు వస్తుంది.

రేటు ఎంత పెట్టొచ్చు?

మామూలు బ్రాండు, సెల్యులాయిడ్ లేదా రేకు బిళ్ళ, కొంచెం అరిగింది అయితే పదుల డాలర్లలో వస్తుంది. ఎనామెల్ బాగుండి, రెండు మూడేళ్లలోనే మూతపడ్డ చిన్న బ్రూవరీది అయితే వందల్లోకి పోతుంది, ఇద్దరు పట్టుదలకి పోతే ఇంకా పైకి. నేను మొదటిది 35 డాలర్లకి కొన్నా. రేటు చూడాలంటే ఈబేలో అమ్మకానికి పెట్టినవి కాదు, అమ్ముడుపోయినవి అని ఫిల్టర్ పెట్టి చూడండి, అడిగే రేటు ఎవరైనా అడుగుతారు. ఇన్వెస్ట్‌మెంట్ లాగా కొనకండి అని మాత్రం గట్టిగా చెప్తా, పాత తరం కలెక్టర్లు తగ్గుతున్నారు, రేపు రేటు పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చూసినప్పుడల్లా మీకు సంతోషంగా అనిపించేదే కొనుక్కోండి.

నకిలీవి వస్తాయటగా, ఎలా పట్టుకోవాలి?

వస్తాయి, నేనూ మోసపోయా. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర క్రూగర్‌ది అని 140 డాలర్లు పెట్టి కొన్నా, ఫోటోలో నిగనిగలాడిపోతోంది. ఇంటికొచ్చాక పదింతల భూతద్దం పెట్టి చూస్తే ఎరుపు రంగంతా చిన్న చిన్న చుక్కలు, న్యూస్‌పేపర్ ఫోటోలో లాగా. అంటే కంప్యూటర్ ప్రింట్ తీసి పైన జిగురు లాంటి రెసిన్ పోసి నిజమైన పాత బంతిలో అంటించాడు. బంతి అసలుదే, బేకలైట్ టెస్టులన్నీ పాసయింది, అక్కడే నేను దెబ్బతిన్నా, బంతి చూసి బిళ్ళని నమ్మేశా. మీరు ముందు బిళ్ళే చూడండి. ఎనామెల్‌లో చుక్కలు ఉండవు, రంగు ఒకే ముద్దగా ఉంటుంది, అక్షరాల చుట్టూ లోహపు గట్టు ఉంటుంది. తర్వాత క్రోమ్ రింగు అంచున స్క్రూడ్రైవర్ పెట్టి లేపిన గీతలున్నాయేమో చూడండి. బంతి అంతా అరిగిపోయి బిళ్ళ మాత్రం కొత్తగా ఉందంటే ఆగి ఆలోచించాల్సిందే, అయితే ఎనామెల్ సహజంగానే కొత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క గుర్తుతోనే నకిలీ అని తేల్చేయకండి.

ఎనామెల్ కొంచెం పగిలింది, తీసుకోవచ్చా?

అంచున గింజంత పగులు అయితే హాయిగా తీసుకోండి, రేటు తగ్గించమని అడగండి. అక్షరాల మధ్యలో పగిలి కింద రాగి కనపడుతుంటే అరుదైన బ్రాండ్ అయితేనే. మా బాలంటైన్ నాబ్‌కి గడియారంలో ఏడు ఉండే చోట చిన్న చిప్ ఉంది, వెనకవైపు బంతి మీద మెరుపు పోయి మసకబారినట్టు ఒక మచ్చ ఉంటుంది, సరిగ్గా కుడిచేతి బొటనవేలు ఆనే చోట. ఏ బార్‌లోనో ఎవరో ఏళ్ల తరబడి లాగీ లాగీ అలా అయింది. దాన్ని పాలిష్ చేయించమన్నారు చాలామంది, నేను చేయించలేదు. నెయిల్ పాలిష్‌తో చిప్ నింపి అమ్మేవాళ్లుంటారు, అతినీలలోహిత టార్చ్ కింద పెడితే కొత్త రంగు చాలాసార్లు వేరేగా మెరుస్తుంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఏమేం అడగాలి?

ఫ్లాష్ లేకుండా ఎండలో పక్కకి వంచి తీసిన ఫోటో, కింద మర ఫోటో, వెనకవైపు ఫోటో, బంతిలో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయా లేదా అన్నది రాతలో. "ఇన్సర్ట్ ఒరిజినలా?" అని సూటిగా అడగండి, తిన్నగా చెప్పకపోతే వదిలేయండి. గట్టి డబ్బాలో బబుల్ చుట్టి పంపమనండి, బేకలైట్ కింద పడితే గాజులా ముక్కలవుతుంది.

## ఇంటికి తెచ్చాక

ఎనభై తొంభై ఏళ్ల జిడ్డు, ఎలా తుడవాలి?

నీళ్లలో నానబెట్టొద్దు, డిష్‌వాషర్‌లో అసలు పెట్టొద్దు. మెత్తని గుడ్డ తడిపి గట్టిగా పిండి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. సెల్యులాయిడ్ బిళ్ళ అయితే నీళ్లు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, అంచు నుంచి లోపలికి పోతే కాగితం మీద మచ్చ పర్మనెంటు. నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలిందా, సెల్యులాయిడ్ కరిగిపోతుంది. క్రోమ్ మీద తుప్పు చుక్కలకి అల్యూమినియం ఫాయిల్ ముక్క నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే పోతాయి, పైన క్రోమ్ పొర లేచిపోతుంటే మాత్రం ముట్టుకోకండి. ఇసుక కాగితం పెట్టి బేకలైట్‌ని అరగదీయొద్దు, కొన్ని పాత రకాల్లో ఆస్‌బెస్టాస్ కలిపేవాళ్లు, ఆ పొడి పీల్చకూడదు.

తెల్లది అనుకుని కొన్నా, తేనె రంగులో ఉంది. పాడైందా?

పాడవలేదు. అది కాటలిన్ అయ్యుంటుంది, బేకలైట్‌కి చెల్లెలు లాంటిది, 1927లో బేకలైట్ పేటెంట్లు అయిపోయాక వచ్చింది, అందులో ముదురు రంగులే కాకుండా తెలుపు, లేత రంగులు కూడా పోయొచ్చు. గాలి, వెలుతురు తగిలి ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు నెయ్యి రంగుకీ తర్వాత తేనె రంగుకీ తిరుగుతుంది. పాలిష్ చేస్తే పైపొర పోయి లోపలి రంగు వస్తుంది కానీ ఒకసారి పోతే ఆ తేనె రంగు మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. చాలామంది కలెక్టర్లకి ఆ రంగే ఇష్టం. కిటికీ పక్కన ఎండ పడే చోట మాత్రం పెట్టకండి.

బిళ్ళ ఊడదీసి శుభ్రం చేయొచ్చా?

వద్దు. రింగు లేపితే మళ్లీ అలాగే కూర్చోదు, ఆ గీతలు చూసి రేపు అసలుదాన్ని కూడా నకిలీ అనుకుంటారు.

షెల్ఫ్ మీద దొర్లిపోతున్నాయి, ఎలా నిలబెట్టాలి?

అమెరికా కుళాయిలకి స్టాండర్డ్ మర 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. హార్డ్‌వేర్ షాపులో ఆ సైజు బోల్టులు కొనుక్కుని, మంచి చెక్క పలకకి కింద నుంచి బెజ్జాలు వేసి బోల్టు పైకి పొడుచుకొచ్చేలా పెట్టి నాబ్ తిప్పితే నిలబడుతుంది. బిగించొద్దు, వేలితో ఆగేదాకా చాలు. కొన్ని పాతవాటికి మర సైజు వేరేగా ఉంటుంది, బలవంతంగా తిప్పితే లోపలి ఇత్తడి ఊడి చేతికొస్తుంది, కాబట్టి ముందు చేత్తో రెండు చుట్లు తిరుగుతుందా చూడండి.

ఇంట్లో బీరు కుళాయి ఉంది, దానికి పెట్టి వాడొచ్చా?

మర కుదిరితే పడుతుంది. కానీ తడి చేతులు, చల్లదనం, రోజూ లాగుడు, ఎనామెల్ తట్టుకుంటుందేమో గానీ సెల్యులాయిడ్ తట్టుకోదు. పార్టీ రోజు పెట్టి మర్నాడు తీసేయండి.

ఒక నాబ్ నుంచి ఘాటు కర్పూరం వాసన వస్తోంది, ఎందుకు?

సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు, మన హారతి కర్పూరం సంగతే. కొంచెం వాసన పర్లేదు. పుల్లటి ఘాటు వచ్చి, పొర పసుపెక్కి జిగటగా లేదా పగుళ్లుగా అవుతుంటే అది కుళ్లడం మొదలైనట్టు, దాని ఆవిరి పక్కనున్న లోహాల్ని కూడా తినేస్తుంది. దాన్ని వేరే చేసి గాలాడే చోట, చల్లగా పెట్టండి. గాలి చొరబడని డబ్బాలో మూసిపెట్టడం తప్పు, స్టవ్వు, దీపం దగ్గర పెట్టడం ఇంకా తప్పు.

## ఇండియా సంగతి

హైదరాబాద్‌లో ఇలాంటివి దొరుకుతాయా?

అమెరికన్ బార్ల కోసం అమెరికాలో చేసినవి కాబట్టి మన దగ్గర దొరకడం అరుదు, అప్పట్లో మన దగ్గర బీరంటే సీసానే. కానీ అదే కాలం, అదే బేకలైట్, అదే డెకో షేపులు కావాలంటే జుమ్మేరాత్ బజార్‌లో పొద్దున్నే వెళ్లి వెతకండి, పాత టెలిఫోన్లు, వాల్వ్ రేడియోలు, వాటి నాబ్‌లు కనిపిస్తాయి. బేకలైట్ గుర్తుపట్టడం అక్కడ చవకగా నేర్చుకోవచ్చు, యాభై రూపాయల స్విచ్చుతో.

ఇండియా వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా?

ఇది ఖాళీ పిడి, మందు కాదు. ఒక్కోటి విడిగా సాక్సులో చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి, కొన్న రసీదు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. మా తమ్ముడికి ఒకటి తీసుకెళ్లా మొన్న వచ్చినప్పుడు, పి.ఓ.ఎన్. నాబ్. విజయవాడలో వాడి కంప్యూటర్ టేబుల్ సొరుగుకి లాగే పిడి ఊడిపోయి ఉంటే, దాని బదులు ఇది బిగించాడు, చిన్న అడాప్టర్ మర వేయించి. రోజూ దాన్ని పట్టుకునే సొరుగు తీస్తున్నాడు.